ఒట్టు పెట్టుకున్నా ఆగని అలవాటుకు కౌన్సెలింగ్ పనిచేస్తుందా?

నాలుగేళ్లుగా రాత్రిపూట అశ్లీల వీడియోలు, డబ్బు కట్టి మాట్లాడే వీడియో కాల్స్ మానుకోలేకపోతున్నానని, జీతంలో మూడో వంతు వాటికే పోతోందని, దేవుడి పటం ముందు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వారం దాటడం లేదని, ఫిబ్రవరిలో పెళ్లి కుదిరిందని మీరు రాశారు. కౌన్సెలింగుకు వెళితే ఇంట్లో తెలిసిపోతుందా, వెళ్లినా నయమవుతుందా, పెళ్లయితే దానంతటదే పోతుందా అని అడిగారు. నేను డాక్టరును కాను. ఇదే సమస్యతో పదకొండేళ్లు గడిపి, ఆరేళ్ల క్రితం హైదరాబాదులో ఒక క్లినికల్ సైకాలజిస్టు ఎదుట కూర్చున్నవాణ్ని. నాకు జరిగింది మాత్రమే చెప్పగలను.

ముందుగా పెళ్లి సంగతి. మన ఇళ్లలో తాగుడుకైనా, సోమరితనానికైనా, పిచ్చికైనా పెద్దలు చెప్పే వైద్యం పెళ్లే. నేను మొదట కలిసిన ఒక కౌన్సెలరు కూడా అదే మాట చెప్పి పంపించారు. నా పెళ్లయిన తరువాత నాలుగు నెలలు నిజంగానే ఏమీ లేదు, సమస్య పోయిందనే అనుకున్నాను. ఐదో నెలలో అది తిరిగి వచ్చింది. ఇంతకుముందు ఒంటరిగా చేసే పనికి ఇప్పుడు పక్కన పడుకున్న మనిషితో చెప్పే అబద్ధం తోడైంది. పైగా నా విషయంలో అది ఫోన్ దగ్గర ఆగలేదు. కనుక పెళ్లి మీద ఆ బరువు పెట్టకండి.

ఇక నేను చేసిన పెద్ద పొరపాటు మీరు చేయకూడదని చెబుతున్నాను. రైలు పట్టాల పక్క గోడల మీద గుప్తరోగాలు, నరాల బలహీనత అంటూ పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కదా, అలాంటి ఒక ప్రకటన చూసి లాడ్జిలో క్యాంపు పెట్టిన వ్యక్తి దగ్గరకు వెళ్లాను. ఆయన నాడి పట్టుకుని, హస్తప్రయోగం వల్ల ఒంట్లో సత్తువంతా పోయిందని చెప్పి, ఎనిమిది వేల రూపాయలకు చూర్ణం పొట్లాలు చేతిలో పెట్టాడు. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ లేదు. నేను పాడైపోయిన మనిషినన్న నమ్మకాన్ని ఆయన నాలో స్థిరపరిచాడు, ఆ నమ్మకంతో వచ్చే దిగులును మరిచిపోవడానికి నేను మళ్లీ ఫోనే పట్టుకునేవాణ్ని.

నిజానికి హస్తప్రయోగం రోగం కాదు. ఎక్కువ కోరికలు ఉండటం కూడా రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన 11వ వ్యాధుల వర్గీకరణలో కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ అనే రుగ్మత ఉంది. తీవ్రమైన లైంగిక ప్రేరణలను ఆపుకోలేకపోవడం ఆరు నెలలు లేదా అంతకు మించి కొనసాగి, ఆరోగ్యం, ఉద్యోగం, కుటుంబం దెబ్బతింటున్నా, సుఖం పెద్దగా దక్కకపోయినా మనిషి అదే పని చేస్తూ ఉంటేనే దానిని రుగ్మతగా పరిగణిస్తారు. తప్పు చేస్తున్నానన్న నైతికమైన బాధ ఒక్కటే ఉంటే అది సరిపోదని అందులోనే స్పష్టంగా ఉంది. దీనిని వ్యసనాల కింద కాక, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల కింద చేర్చారు. అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన తమ వర్గీకరణలో దీనికి చోటివ్వలేదు. పేరు గురించి పండితులు వాదించుకోనివ్వండి, జీతంలో మూడో వంతు పోతున్న మనిషికి సహాయం మాత్రం కావాలి. నా సైకాలజిస్టు మొదటి రెండు సిట్టింగుల్లో చేసిన పని ఇదే: నాలో ఎంతవరకు అదుపు తప్పిన ప్రవర్తన ఉందో, ఎంతవరకు చిన్నప్పటి నుంచి నూరిపోసిన పాపభీతి ఉందో విడదీయడం.

ఎవరిని కలవాలన్నది ముఖ్యం. మన దగ్గర కౌన్సెలర్ అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటున్నారు. సైకియాట్రిస్టు అయితే ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యంలో పీజీ చేసి ఉంటారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి, ఆ నంబరు అడగడంలో అమర్యాద ఏమీ లేదు. ఖర్చు భరించలేకపోతే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ అనగానే మనవాళ్లు వేసే హాస్యానికి జడిసి నేను మూడేళ్లు ఆలస్యం చేశాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ అతివాడకం కోసమే 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఎక్కడికీ వెళ్లే ధైర్యం లేని రాత్రి 14416కు ఫోన్ చేయవచ్చు. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మొదటి రోజు నేను నలభై నిమిషాలు నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పాను. నేను అకౌంట్స్ విభాగంలో పని చేస్తాను. వచ్చేటప్పుడు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీసి, అటువైపు వెళ్లిన మొత్తాలన్నిటికీ పెన్సిలుతో టిక్కు పెట్టుకుని సంచిలో ఉంచుకున్నాను. నోరు పెగలక చివరికి ఆ కాగితాలే బల్ల మీద ఆయన వైపు జరిపాను. ఆయన ఒక పేజీ చూసి, మొహంలో ఏ మార్పూ లేకుండా, "ఈ టిక్కులన్నీ నెలాఖరులోనే ఎక్కువగా ఉన్నాయి, గమనించారా?" అని అడిగారు. అది నేను ఎన్నడూ గమనించలేదు. నెలాఖరు అంటే మా ఆఫీసులో లెక్కలు ముగించే రోజులు, ఊరి నుంచి నాన్న అప్పు సంగతి మాట్లాడటానికి ఫోన్ చేసే రోజులు.

మూడో సిట్టింగులో జరిగిన మాటే నా ఆలోచనను మార్చింది. నేను అంతకుముందు ఈ అలవాటు పోవాలని మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. మూడుసార్లూ 41 రోజులు నిష్ఠగా ఉన్నాను, మాల తీసిన రెండు మూడు రోజుల్లోనే మళ్లీ పడ్డాను. దేవుణ్ని కూడా మోసం చేశానని ఏడుస్తూ చెబితే ఆయన నన్ను ఓదార్చలేదు. "పడిన సంగతి తరువాత చూద్దాం, ఆ 41 రోజులు ఎలా ఉండగలిగారో గంట గంటకూ చెప్పండి" అన్నారు. చెప్పాను. తెల్లవారుజామున చన్నీటి స్నానం, పీఠంలో పదిమందితో పూజ, మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట భిక్ష, సాయంత్రం భజన, రాత్రి మిగతా స్వాములతో కలిసి చాప మీద నిద్ర. ఫోన్ పూజారి గారి అలమారలో ఉండేది. చిన్నపిల్లల నుంచి గురుస్వామి వరకు అందరూ నన్ను స్వామీ అని పిలిచేవారు. అంతా విని ఆయన, "ఇందులో మీరు ఒంటరిగా ఉన్న గంట ఏది?" అని అడిగారు. లేదు. అన్నాళ్లూ అది నా సంకల్పబలమనుకున్నాను. నిజానికి నన్ను నిలబెట్టింది ఆ ఏర్పాటు. మీ ఒట్లు నిలవకపోవడానికి కారణం కూడా మీ భక్తి లోపం కాదు, ఒట్టు తరువాత కూడా మీ రాత్రిళ్లు మునుపటిలాగే ఉండటమని నా అభిప్రాయం.

అక్కడి నుంచి మేము చేసిందంతా అలాంటి ఏర్పాట్లే. ఒక నోట్‌బుక్కులో కోరిక వచ్చిన వేళ, చోటు, దానికి గంట ముందు ఏం జరిగింది, ఏం చేశాను, ఎంత ఖర్చయింది అన్నవి రాయాలి. పడిపోయిన రోజే కాదు, ఆగగలిగిన రోజు కూడా రాయాలి. కోరిక అల లాంటిదని, దానితో కుస్తీ పట్టకుండా గడియారం చూస్తూ కూర్చుంటే లేచి, విరిగి, తగ్గుతుందని ఆయన చెబితే నేను నమ్మలేదు. రాసి చూస్తే నాకు ఎక్కువసార్లు ఇరవై నిమిషాల్లోపే తగ్గింది. రాత్రి పదికి ఫోన్ వంటింట్లో పోపుల పెట్టె పక్కన పెట్టేవాణ్ని. అలారం కోసం ఫోన్ కావాలన్న సాకు పోవడానికి కోఠీలో మూడు వందల యాభై రూపాయలకు ఒక గడియారం కొన్నాను. యూపీఐ ఉన్న ఖాతాలో ఇంటి ఖర్చుకు సరిపడా మాత్రమే ఉంచుకున్నాను. వినడానికి చిన్నపిల్లల పనుల్లా ఉంటాయి, చేసేవాడికే తెలుస్తుంది.

మందుల గురించి: ఆయన నన్ను ఒకసారి సైకియాట్రిస్టు దగ్గరకు పంపారు. బైపోలార్ రుగ్మతలో ఉద్వేగం పెరిగిన దశలోను, పార్కిన్సన్ వ్యాధికి ఇచ్చే కొన్ని మందుల వల్ల కూడా ఇలాంటి ప్రవర్తన రావచ్చు కనుక ముందు అవి లేవని నిర్ధారించుకుంటారు. నాకు దిగులు రోగం (డిప్రెషన్) బయటపడింది, దానికి ఏడాది పాటు మాత్రలు వాడాను. ఈ సమస్యను ఒక్క మాత్రతో పోగొడతామనేవారిని నమ్మకండి.

తోడు కోసం సెక్స్ అడిక్ట్స్ అనానిమస్, సెక్సాహాలిక్స్ అనానిమస్ లాంటి బృందాలు ఉన్నాయి, ఇదే సమస్య ఉన్నవాళ్లు పన్నెండు మెట్లుగా సాగే పద్ధతిలో ఒకరికొకరు తోడుంటారు. తాగుడు మానడానికి 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతే వీటికీ ఆధారం. ఇంటిపేరు చెప్పనక్కరలేదు, ఫీజు లేదు. రెండో బృందంలో నియమం కఠినం, జీవిత భాగస్వామితో తప్ప మరే లైంగిక చర్యనూ ఒప్పుకోదు. మొదటిదానిలో ఎవరి గీత వారే గీసుకుంటారు. నేను ఆన్‌లైన్ సమావేశాల్లో నెల రోజులు కెమెరా ఆపుకుని విన్నాను. ఇవి చికిత్సకు బదులు కావు, కానీ నెలాఖరు రాత్రి ఫోన్ చేయడానికి ఒక మనిషి దొరకడం చిన్న విషయం కాదు.

కౌన్సెలింగు మొదలైన ఐదో నెలలో ఒకసారి మళ్లీ పడ్డాను. సిగ్గుతో రెండు సిట్టింగులు ఎగ్గొట్టాను. ఆ పడటం కన్నా ఆ ఎగ్గొట్టడమే నాకు ఎక్కువ నష్టం చేసింది. మీకూ అలాంటి రోజు వస్తే ఆ వారం తప్పక వెళ్లండి.

ఇంట్లో తెలుస్తుందా అన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను మీ వివరాల గోప్యతను మీ హక్కుగా చెబుతుంది. మీ ప్రాణానికో, మరొకరికో హాని ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు మినహాయింపులు ఉంటాయి. పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఎవరైనా ఫిర్యాదు చేయవలసిందే. ఈ హద్దులేమిటో మొదటి రోజే అడగండి. వీడియో కాల్ రికార్డు చేసి ఎవరైనా బెదిరించి డబ్బు గుంజితే సైబర్ మోసాల ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, అది మీ తప్పుకు శిక్ష అనుకుని చెల్లిస్తూ కూర్చోకూడదు.

నా భార్యకు నేను కౌన్సెలింగు మొదలైన తొమ్మిదో నెలలో, సైకాలజిస్టు గదిలో, ఏం చెప్పాలో ముందే రాసుకుని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగిన మొదటి మాట, "టెస్టులు చేయించుకున్నారా?" అని. చేయించుకున్నాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, పేరు గోప్యంగా ఉంచుతారు. ఆ తరువాత ఆమె తన కోసం వేరే కౌన్సెలరును కలిసింది. నమ్మకం తిరిగి రావడానికి నా మార్పు కన్నా ఎక్కువ కాలం పట్టింది, ఇప్పటికీ పూర్తిగా వచ్చిందని చెప్పలేను. మీరు కాబోయే భార్యకు ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలన్నది కౌన్సెలరుతో కూర్చుని తేల్చుకోండి. వీలైతే ముహూర్తాన్ని ఆరు నెలలు వాయిదా వేయమని అడగండి, ఆలస్యానికి ఏ కారణం చెప్పినా ఇది దాచి పెళ్లి చేసుకోవడం కన్నా పెద్ద అబద్ధం కాదు.

అపాయింట్‌మెంటు కోసం ఫోన్ చేసినప్పుడు కారణం అడిగితే నిద్ర సమస్య అనండి, చాలు. లోపలికి వెళ్లాక నోరు రాకపోతే మీ స్టేట్‌మెంటు కాగితాలు బల్ల మీద పెట్టండి.