ముందు కాగితం మీద 127 చెయ్యి

చి. బుజ్జికి పెద్దనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పావు. 2024 అక్టోబరులో ప్రకటించిన ఆ ప్రధాన సంఖ్యలో 4 కోట్ల 10 లక్షల పైచిలుకు అంకెలున్న మాట నిజమే. నువ్వూ నీ లాప్‌టాప్‌లో అలాంటి వేట మొదలుపెడతానన్నావు. వద్దనను. ముందు మాత్రం తెల్ల కాగితం తీసుకుని, 127 ప్రధాన సంఖ్యో కాదో తేల్చే లెక్క చెయ్యి.

127 అంటే 2⁷ − 1. ఘాతం 7 కాబట్టి రెండు తగ్గించి ఐదుసార్లు చెయ్యాలి. 4తో మొదలుపెట్టు. ప్రతిసారీ వర్గం చేసి 2 తీసెయ్యి, 127తో భాగిస్తే వచ్చే శేషం ఉంచుకో. మొదట 14, తర్వాత 194, అంటే శేషం 67. దాని వర్గంలో 2 తీస్తే 4487. ఇక్కడ భాగహారం పెట్టుకోకు. 4487లో 128లు 35, మిగిలింది 7. రెండూ కలిపితే 42, అదే శేషం! 128 అంటే 127 కన్నా ఒకటే కదా ఎక్కువ, ప్రతి 128కీ ఒకటి మిగులుతుంది. కంప్యూటర్‌కైతే ఇది బిట్లు, అంటే 0, 1 అంకెలు, పక్కకి జరిపినంత పని. 42 నుంచి 111 వస్తుంది, 111 నుంచి 12319. అందులో 128లు 96, మిగిలింది 31. కలిపితే సరిగ్గా 127, అంటే సున్నా. ఐదోసారి సున్నా వచ్చింది కాబట్టి 127 ప్రధాన సంఖ్య. లూకాస్-లేమర్ పరీక్ష ఇదే. నీ 4 కోట్ల అంకెల సంఖ్యని ఖాయం చేసిందీ ఇదే, కాకపోతే 13 కోట్లకు పైగా వర్గాలు.

ప్రోగ్రాం రాశాక జవాబు తెలిసిన సంఖ్య మీదే మొదట నడుపు. నేను 2³¹ − 1 మీద నడిపితే చివర సున్నా రాలేదు. అది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఆయిలర్ 1772 నాటికే తేల్చాడు. దానికి కారణాంకం ఉంటే 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని కనిపెట్టి, చూడాల్సినవి నాలుగు వందల లోపుకి దింపాడు మహానుభావుడు. కాబట్టి తప్పు నాదే. 31 బిట్ల సంఖ్య వర్గానికి 62 బిట్ల చోటు కావాలి, నేను 32 బిట్లలో కుక్కాను. అది కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది!

ఇంకోటి. సున్నా రాకపోతే ప్రధాన సంఖ్య కాదని తెలుస్తుందంతే, కారణాంకాలు తెలియవు. 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని, ఈ పరీక్ష పేరులో ఉన్న గణితవేత్త లూకాస్ 1876లో చెప్పాడు. 193707721 దాన్ని భాగిస్తుందని కోల్ అనే ఇంకో గణితవేత్త చూపించింది 1903లో.

ఈ ఆదివారం 2¹¹ − 1, అంటే 2047 చెయ్యి. ఈసారి 2048లు తీసి కలుపుకుంటూ పో. తొమ్మిదోసారి 1736 రావాలి. రాకపోతే కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, 2 తీయడం ఎక్కడ మర్చిపోయావో చూస్తాను.

మీ పెద్దనాన్న