చేతి అల్లికల లేసును ‘అశ్లీలం’ అని తొలగిస్తే ఏం చేయాలి: నరసాపురం వైపు మా అనుభవం

మీ అమ్మగారు అల్లిన క్రోషే (కొక్కెం సూదితో అల్లే లేసు) జాకెట్టునూ రెండు టేబుల్ కవర్లనూ ఆన్‌లైన్ అమ్మకాల సైటులో పెడితే ‘అశ్లీల వస్తువులు’ అంటూ తొలగించారనీ, మళ్లీ పెట్టేసరికి ఖాతానే ఆపేశారనీ రాశారు. ఇంకో నంబరుతో కొత్త ఖాతా తెరవమని తెలిసినవాళ్లు చెబుతున్నారట. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఫోను, బ్యాంకు ఖాతా, పాన్, సరుకు తీసుకెళ్లే చిరునామా, వీటిలో ఏ ఒక్కటి కలిసినా పాతవాళ్లే మళ్లీ వచ్చారని ఆ సైటు వ్యవస్థ పోల్చుకోగలదు. ఇప్పటికి మీది ఒక ఫొటో గొడవ మాత్రమే. కొత్త ఖాతా తెరిస్తే నిబంధనలను తప్పించుకోజూసినవారి కింద లెక్క కడతారు. మా వీధిలో ఒక కుటుంబం ఇలాగే రెండు ఖాతాలూ పోగొట్టుకుంది.

నేను నరసాపురం దగ్గర ఒక పల్లెలో ఉంటాను. మా అత్తగారూ, వీధిలోని మరికొందరు ఆడవాళ్లూ అల్లిన డాయిలీలు (పళ్లేల కింద వేసే చిన్న అల్లికలు), దిండు గలీబులు, టేబుల్ కవర్లు, జాకెట్లు ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టే పని నాది. మీకు జరిగిందే మాకూ జరిగింది. డబ్బు నష్టం కంటే ముందు ఆ మాటే అందరినీ బాధపెట్టింది. మధ్యాహ్నం వంటపని ముగిశాక అరుగు మీద కూర్చుని, కళ్లు నొప్పిపుట్టేదాకా అల్లిన పనిని అశ్లీలం అన్నారని మా అత్తగారు చాలా రోజులు సూది ముట్టలేదు. అది మనిషెవరూ చూసి అన్న మాట కాదని ఆమెకు నచ్చజెప్పాలంటే, అసలు లోపల జరిగేదేమిటో ముందు నేను తెలుసుకోవలసి వచ్చింది.

లక్షల కొద్దీ వస్తువులు వచ్చిపడే చోట ప్రతి ఫొటోనూ మనుషులు చూడరు. ముందు ఒక ప్రోగ్రాం చూసి, ఇది నిషిద్ధ వస్తువు కావడానికి ఎంత అవకాశం ఉందో ఒక అంకె వేస్తుంది. అది హద్దు దాటితే వస్తువు దానంతటదే తొలగిపోతుంది. ఇప్పుడు మన లేసు సంగతి చూడండి. దారం క్రీము రంగు, అల్లికంతా కన్నాలు, ఆ కన్నాల్లోంచి కింద ఉన్నదాని రంగు కనిపిస్తుంది. జాకెట్టును గోధుమరంగు దుకాణపు బొమ్మకు తొడిగి ఫొటో తీస్తే, ఆ ప్రోగ్రాంకు సగం బట్టలు వేసుకున్న మనిషిలా తోచే అవకాశం ఎక్కువ. మరి టేబుల్ కవరు చేసిన పాపమేమిటని అడిగారు. దాన్ని ఒడిలోనో అరచేతుల మీదో పరిచి ఫొటో తీశారేమో చూడండి. మా డాయిలీ ఒకటి అరచేతిలో ఉన్న ఫొటోతో తొలగిపోయింది. అదే నమూనాలో అల్లిన ఇంకొకటి ముదురు నీలం బట్ట మీద పరిచి పెడితే ఏ అభ్యంతరమూ రాలేదు. వివరణా, ధరా రెండింటికీ ఒక్కటే. అప్పటినుంచి మొదటి ఫొటోలో చేయి గాని, బొమ్మ గాని లేకుండా చూస్తున్నాం. జాకెట్టునైనా బల్ల మీద పరిచి, పక్కన కొలబద్ద పెట్టి తీస్తాం. ముదురు రంగు మీద అల్లిక కూడా స్పష్టంగా కనిపించి కొనేవారికి నాణ్యత తెలుస్తుంది.

తర్వాత చూడవలసింది పేరు. ‘లేసు’ అని మొదలుపెడితే కొన్ని చోట్ల దానంతటదే లోదుస్తుల విభాగం ఎంపికైపోతోంది. ఆ విభాగంలో ఫొటోల నిబంధనలు మరీ కఠినం. ‘చేతితో అల్లిన నూలు టేబుల్ కవరు’ అని వస్తువు ఏమిటో ముందు చెప్పి, విభాగాన్ని స్వయంగా ఎంచుకోండి. రంగు దగ్గర ‘ఐవరీ’ అని కూడా రాయకండి. ఏనుగు దంతం అమ్మకాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తోంది కాబట్టి ఆ మాట కనిపిస్తే చాలు అనుమానించే వడపోతలు ఉంటాయి. ‘క్రీము’ అంటే సరిపోతుంది.

మీరు అడగలేదు కానీ, ఖాతా ఆగడానికి మన ప్రాంతంలో ఇంకో కారణం ఉంటుంది. మీ విషయంలోనూ అది కలిసి ఉండవచ్చు. మనవాళ్ల ఇంటిపేరు పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది. మనిషికి ఇద్దరూ ఒకరేనని తెలుస్తుంది, పేర్లు సరిపోల్చే ప్రోగ్రాంకు తెలియకపోవచ్చు. గోదావరి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి, రాజోలు వైపు వాళ్లకు చిక్కు మరీ ఎక్కువ. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక వాళ్లది కోనసీమ అయింది. పాత ఆధార్‌లో తూర్పు గోదావరి అనే ఉంటుంది. సరుకు మాత్రం పంటు పడవ మీద వశిష్ఠ గోదావరి దాటించి నరసాపురంలో చుట్టాలింటి నుంచి పంపిస్తారు, అది పశ్చిమ గోదావరి. ఒకే మనిషికి మూడు జిల్లాలు! దీనికి తోడు డ్వాక్రా సంఘంలో స్మార్ట్‌ఫోను ఉన్న ఒక్క అమ్మాయే నలుగురి ఖాతాలూ నడుపుతుంటుంది. అందులో ఒకటి ఆగిందంటే మిగతావి కూడా దాని వెంటే ఆగుతాయి. ఇందులో మోసం రవ్వంత కూడా లేదు. పల్లెలో పని జరిగే తీరే అది. అయినా తొలగింపు మీద అప్పీలు పెట్టకముందే పాన్‌లోనూ బ్యాంకులోనూ పేరు ఒకేలా ఉండేలా సరిచేయించుకోండి. నలుగురూ కలిసి అమ్మేటట్టయితే సంఘం పేరున ఒకే ఖాతా పెట్టుకోవడం మేలు.

ఇక అప్పీలు. మన కష్టమంతా అందులో రాయాలనిపిస్తుంది. కానీ చదివే మనిషికి ఒక్కో ఫిర్యాదు మీద దొరికే సమయం చాలా తక్కువ. ఒక్కో వస్తువుకు ఒక్కో అప్పీలు పెట్టి, ఈ మాదిరిగా రాయండి: ‘ఇది చేతితో అల్లిన నూలు టేబుల్ కవరు. ధరించే దుస్తు కాదు. ఫొటోలో కనిపించేది అల్లినవారి చేయి. అల్లుతున్నప్పటి ఫొటోలు, దారం కొన్న రసీదు జతచేశాను. దీన్ని ఒక ఉద్యోగి చేత పరిశీలింపజేసి, ఏ నిబంధన ఏ ఫొటోకు వర్తించిందో తెలియజేయగలరు.’ చివరి వాక్యం వదలకండి. మా జాకెట్టు అప్పీలును మొదట రెండే వాక్యాలతో తిరస్కరించారు. ఏ ఫొటో అని అడుగుతూ మళ్లీ రాశాకే వస్తువు తిరిగి కనిపించింది. తొలగింపు సందేశాన్నీ మీ జవాబులనూ స్క్రీన్‌షాట్లు తీసి దాచండి.

‘నరసాపురం లేసు’ అన్న పేరు మీదే అభ్యంతరం వస్తే దానికి వేరే ఆధారం చూపాలి. మన లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ నమోదులో అధీకృత వినియోగదారుగా (ఆ పేరు వాడుకునే హక్కు నమోదైనవారుగా) ఉన్న సంఘం ద్వారా అమ్ముతుంటే ఆ ధ్రువపత్రం జతచేయండి.

అప్పీలు పనిచేయకపోతే అక్కడితో వదలకండి. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి వేదికలకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన వివరాలు వెబ్‌సైటులో కనిపించాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి. సహాయ కేంద్రం చాట్‌లో మాట్లాడటం వేరు, ఈ అధికారికి మెయిల్ పంపడం వేరు. ఆయన నిర్ణయం న్యాయంగా లేదనుకుంటే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు. యూరప్‌లో అయితే అమ్మకందారు ఖాతా ఆపేటప్పుడు కారణాలు రాతపూర్వకంగా చెప్పాలన్న నియమం 2020 జులై నుంచే అమలులో ఉంది. మన అల్లికలు ఎన్నో ఏళ్లుగా ఆ దేశాలకు ఎగుమతి అవుతున్నాయి. అక్కడ అమ్మే దుకాణదారుకు దక్కే ఆ మాత్రం జవాబు, అల్లిన మనిషికీ దక్కాలని నేను గట్టిగా అడుగుతాను. ఏజెంటు చేతికిస్తే అల్లినదానికి ముక్కకింత అని వచ్చే కూలి ఎంతో మీ అమ్మగారికి తెలుసు. నేరుగా అమ్ముకుంటే దక్కే ధరను ఒక ఫొటో కారణంగా వదులుకోకూడదు.

ఖాతా ఆగేనాటికే అమ్ముడైన సరుకు డబ్బు నిలిచిపోయి ఉంటే దాన్ని ఈ అప్పీలులో కలపకండి. ఆర్డరు నంబరు, సరుకు అందిన తేదీ, రావలసిన మొత్తం వరుసగా రాసి, ఎప్పటిలోగా జమచేస్తారో చెప్పమని విడిగా మెయిల్ పెట్టండి. మాకు వస్తువులు తిరిగి కనిపించడానికంటే ముందే ఆ డబ్బు వచ్చింది.