ముంగాలి గీత వెంట పైకి: ఆఫ్రికా వేట గురించి పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా దక్షిణాఫ్రికాలో గైడ్ వెంట చేసే 'ప్లెయిన్స్ గేమ్' వేట గురించే. ఏనుగు, సింహం, చిరుత, ఖడ్గమృగం, అడవి దున్న ఇందులోకి రావు. కుడు, ఇలాండ్, ఇంపాలా, జెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్, స్ప్రింగ్‌బాక్ లాంటి జింకల తరహా జంతువులు, జీబ్రా, వార్ట్‌హాగ్ అనే అడవి పంది వస్తాయి. కుడు, ఇలాండ్ మన మనుబోతుకు దూరపు చుట్టాలే.

ప్ర: వచ్చే జూన్‌లో మిత్రులం ఇద్దరం వెళ్దామనుకుంటున్నాం. ఒక ప్రకటనలో 'రోజుకు 350 డాలర్లు' అని ఉంది. మొత్తం ఖర్చు అంతేనా? ఎన్ని రోజులు కావాలి? (డాలస్)

జ: అంతే కాదండీ. అది రోజువారీ రుసుము మాత్రమే. బస, భోజనం, వాహనం, జాడ తీసే మనిషి, మిమ్మల్ని వేటాడించే ప్రొఫెషనల్ హంటర్ (అక్కడ అందరూ పీహెచ్ అంటారు) అందులో వస్తాయి. కొట్టిన ప్రతి జంతువుకూ వేరే ధర ఉంటుంది. ఇంపాలాకు కొన్ని వందల డాలర్లయితే, కుడుకు రెండు మూడు వేలు అవుతుంది. రోజువారీ రుసుములో 15 శాతం వ్యాట్ కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. విమానాశ్రయం నుంచి తీసుకెళ్లే ఖర్చు, తోళ్లూ కొమ్ములూ శుద్ధి చేసి పెట్టెలో కట్టే ఖర్చు, ఓడకో విమానానికో సరుకు కిరాయి, పీహెచ్‌కూ జాడగాళ్లకూ వంటవాళ్లకూ ఇచ్చే బహుమానం కూడా వేసుకోవాలి. చాలామంది ఆ చివరి లెక్క మర్చిపోతారు.

ఇంకో షరతు ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది: గాయపడి దొరకని జంతువుకు కూడా పూర్తి ధర కట్టాలి. నేల మీద రక్తం కనిపిస్తే అది మీ లెక్కలోకే వస్తుంది. ఈ షరతు న్యాయమైనదే. దెబ్బ తిని పారిపోయిన జంతువు పొదల్లో రోజుల తరబడి నరకం చూస్తుంది. దాన్ని తప్పించే మార్గం కింద మూడో ప్రశ్నకు జవాబులో ఉంది.

ఐదు జంతువులకు వేటాడే రోజులు ఏడు పెట్టుకోండి, ప్రయాణపు రోజులు వేరు. ఇద్దరికీ ఒకే పీహెచ్ అయితే రోజువారీ ధర తగ్గుతుంది కానీ, ఒకరు కొడుతుంటే మరొకరు కూర్చోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు తలా ఒక పీహెచ్‌ని పెట్టుకోవడమే మేలు. జూన్ మంచి నెల. అక్కడ చలికాలం, ఆకు రాలి పొదలు పలచబడతాయి, జంతువులు నీటి దగ్గరికి వస్తాయి.

అడ్వాన్సు పంపే ముందు ఔట్‌ఫిట్టర్‌నీ (వేట ఏర్పాట్లు చేసే సంస్థ) పీహెచ్‌నీ లైసెన్సు నంబర్లు అడగండి. విదేశీయులు నమోదైన ఔట్‌ఫిట్టర్ ద్వారా, నమోదైన పీహెచ్ తోడుగానే వేటాడాలని అక్కడి నిబంధన. మీరు కోరిన జంతువు ఆ నేల మీద ఎప్పటినుంచో ఉందా, లేక మీరు వచ్చే వారానికి లారీలో తెచ్చి వదులుతారా అన్నది కూడా మొహమాటం లేకుండా అడగండి. సూటిగా జవాబివ్వని చోటికి వెళ్లకండి.

ప్ర: నేను హెచ్1బీ వీసా మీద ఉన్నాను. నా రైఫిల్ పట్టుకెళ్లవచ్చా? (ఎడిసన్)

జ: అద్దె రైఫిల్ తీసుకోండి. హెచ్1బీ లాంటి వలసేతర వీసా ఉన్నవాళ్లు అమెరికాలో తుపాకీ దగ్గర ఉంచుకోవాలంటేనే వేట లైసెన్సు లాంటి మినహాయింపు కావాలి. తుపాకీతో తిరిగి దేశంలోకి రావడానికి ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) నుంచి ముందే వేరే పర్మిట్ తెచ్చుకోవాలి. ఒక్క కాగితం తేడా వచ్చినా మీ వీసాకే ముప్పు. ఔట్‌ఫిట్టర్ దగ్గర మంచి .30-06 లేదా .308 క్యాలిబర్ (తూటా సైజు) రైఫిల్ రోజుకు ఇంతని అద్దెకు దొరుకుతుంది. రైఫిల్ మీద గురి చూసే టెలిస్కోపు ఏది, ఏ తూటా అన్నది ముందే కనుక్కుని, ఇక్కడ అదే క్యాలిబర్‌తో సాధన చేయండి.

పౌరులూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లూ సొంత రైఫిల్ తీసుకెళ్లాలనుకుంటే, బయల్దేరే ముందే రైఫిల్ పట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లి 4457 ఫారం మీద ముద్ర వేయించుకోవాలి. దక్షిణాఫ్రికా పోలీసుల ఎస్ఏపీఎస్ 520 ఫారం నల్ల సిరాతో నింపండి కానీ సంతకం మాత్రం అక్కడి విమానాశ్రయంలో అధికారి ఎదుటే పెట్టండి. ఇంట్లోనే సంతకం చేసి తీసుకెళ్లడం అందరూ చేసే తప్పు. ఔట్‌ఫిట్టర్ ఆహ్వాన పత్రం, తిరుగు టికెట్, పాస్‌పోర్టు నకళ్లు జతచేయాలి. రైఫిల్ మీది సీరియల్ నంబరును ఫారం మీది నంబరుతో ఒక్కో అంకె చూసి సరిపోల్చుకోండి. ఒకే క్యాలిబర్‌లో రెండు తుపాకులు ఒప్పుకోరు. తుపాకీకి 200 తూటాల వరకు అనుమతి ఉన్నా విమాన సంస్థలు 5 కిలోలకు మించనివ్వవు. 60 తూటాలు చాలు. వాటిని రైఫిల్ పెట్టెలో కాకుండా తాళం వేసిన వేరే పెట్టెలో పెట్టండి. మధ్యలో విమానం మారే దేశానికి కూడా వేరే అనుమతి కావాల్సి రావచ్చు. అందుకే అట్లాంటా నుంచో నెవార్క్ నుంచో నేరుగా జోహన్నెస్‌బర్గ్ వెళ్లే విమానం ఎంచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ప్ర: టెక్సస్‌లో పదేళ్లుగా జింకల్ని వేటాడుతున్నాను. ఆఫ్రికాలో తేడా ఏముంటుంది? గురి ఎక్కడ పెట్టాలి? (హ్యూస్టన్)

జ: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనండీ. మీ పదేళ్ల అలవాటే అక్కడ మిమ్మల్ని దెబ్బ తీయవచ్చు. అమెరికాలో చాలామంది భుజం వెనక, ఒంటి ఎత్తులో సగానికి గురి పెడతారు. ఆఫ్రికా జంతువుల్లో గుండె, ఊపిరితిత్తులు రెండు భుజాల మధ్య, ముందుకూ కిందికీ ఒదిగి ఉంటాయి. అలవాటు చోట కొడితే తూటా ఊపిరితిత్తుల వెనక అంచుకో, కాలేయానికో, పొట్టకో తగులుతుంది.

జంతువు అడ్డంగా నిలబడితే ముంగాలి మధ్య గీత వెంట చూపును పైకి తీసుకెళ్లండి. రొమ్ము కింది అంచు నుంచి ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఆపండి. అక్కడే కొట్టాలి. వైల్డ్‌బీస్ట్ విషయంలో మరీ జాగ్రత్త. మూపురం, జూలు వల్ల ఒళ్లు ఉన్నదానికన్నా లోతుగా కనిపిస్తుంది, కంటికి సగం అనిపించిన చోట కొడితే తూటా పైనుంచి పోతుంది. కుడు మూపు కూడా అలాగే మోసం చేస్తుంది. జీబ్రాకు భుజం మీద చారలు కలిసి త్రికోణంలా కనిపించే చోటు గుర్తు. మీకు వెనక్కి ఓరగా నిలబడితే అవతలి వైపు ముంగాలిని గురిగా పెట్టుకుని, తూటా అక్కడికి చేరేలా కొట్టండి. పూర్తిగా వెనక్కి తిరిగి ఉంటే మొదటి తూటా వద్దు. దాని వెనక మరో జంతువు ఉన్నా వద్దు, తూటా ఒకదాన్ని దాటి రెండోదాన్ని కొట్టిందంటే రెండింటికీ మీరే కట్టాలి.

రెండో తేడా, బల్ల మీద ఆనించి కొట్టే అవకాశం అక్కడ ఉండదు. పీహెచ్ మూడు కాళ్ల ఊతకర్ర నిలబెట్టి, 'రెండోది, ఎడమది' అని చెవిలో చెబుతాడు. నిలబడే కొట్టాలి, చేతిలో ఉన్నది కొద్ది సెకన్లే. కాబట్టి బల్లను సైటింగ్‌కు (టెలిస్కోపు గురి సర్దడానికి) మాత్రమే వాడండి: 100 మీటర్ల దగ్గర గురి కన్నా 5, 6 సెంటీమీటర్లు పైకి తగిలేలా సర్దితే, మామూలు .30-06కి 200 మీటర్ల దగ్గర సరిగ్గా కూర్చుంటుంది. తర్వాతి సాధనంతా ఊతకర్ర మీదే. 15 సెంటీమీటర్ల చక్రం పెట్టి 50, 100, 150 మీటర్ల దగ్గర ఐదేసి తూటాలు వేయండి. ఐదుకు ఐదూ ఎంత దూరం వరకు చక్రంలో పడతాయో అదే మీ హద్దు. పీహెచ్‌కు మొదటి రోజే ఆ సంఖ్య చెప్పండి, ఆయన దానికి తగ్గట్టు దగ్గరికి తీసుకెళ్తాడు. రైఫిల్ భుజం నుంచి దించకుండా బోల్టు లాగి తర్వాతి తూటా ఎక్కించడం కూడా సాధన చేయండి. ఖర్చు తగ్గాలంటే సగం సాధన చిన్న .22 రైఫిల్‌తో చేయవచ్చు.

పెద్ద మాగ్నం (మరింత శక్తివంతమైన తూటా పేల్చే రైఫిల్) కొనాలన్న తొందర వద్దు. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకు భయపడి కళ్లు మూసుకునేవాడి చేతిలో .300 మాగ్నం కన్నా, నిలకడగా పట్టేవాడి చేతిలో .30-06 మేలు. అందులో 180 గ్రెయిన్ల బరువున్న గట్టి తూటా వేయండి. నోస్లర్ పార్టిషన్, బార్న్స్ టీఎస్ఎక్స్, స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ లాంటివి భుజం ఎముక దాటి లోపలికి వెళ్తాయి. పలచని తొడుగున్న తూటా ఎముక దగ్గరే చిట్లిపోతుంది.

పేల్చగానే తల ఎత్తి చూడకండి. బోల్టు లాగి మళ్లీ గురిలోకి రండి, నిలబడే ఉంటే పీహెచ్ మాట కోసం చూసి రెండోది వేయండి. లేత ఎరుపు నురుగు రక్తం ఊపిరితిత్తులది, ముదురు ఎరుపు కాలేయానిది. పచ్చటి మేత కలిసిందంటే పొట్టలో తగిలినట్టు. అప్పుడు వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుంది. ఎంతసేపు ఆగాలో జాడగాడు చెబుతాడు. చాలా క్యాంపుల్లో జాడ పట్టే చిన్న జాక్ రస్సెల్ కుక్క ఒకటి ఉంటుంది, దాని ముక్కును నమ్మండి. విమానంలో కుదుపులకు టెలిస్కోపు కదులుతుంది కాబట్టి, దిగిన రోజే మూడు తూటాలు కాగితం మీద వేసి చూసుకోకుండా అడవిలోకి వెళ్లకండి.

ప్ర: హైదరాబాద్‌లో ఉంటాను, తుపాకీ లైసెన్సు లేదు. వెళ్లడం నేరమా? కొమ్ములు ఇంటికి తెచ్చుకోవచ్చా?

జ: 1972 వన్యప్రాణి చట్టం మన దేశంలో వేటను నిషేధించింది. అక్కడి చట్టం ప్రకారం అక్కడ వేటాడటం ఇక్కడ నేరం కాదు. ముందు ఏదైనా రైఫిల్ క్లబ్బులో శిక్షణ తీసుకోండి, ఆఫ్రికాలో అద్దె రైఫిల్ వాడండి. కొమ్ములూ తోళ్లూ తేవాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. దిగుమతి నిబంధనలు కఠినం, కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటారు. మంచి ఫోటోలు తెచ్చుకోండి. మాంసం అక్కడి క్యాంపుకూ చుట్టుపక్కల వాళ్లకూ చేరుతుంది.

ప్ర: అమెరికాకు తోళ్లు తెచ్చుకోవడం ఎలా? (అట్లాంటా)

జ: మీ పెట్టెలో పెట్టుకుని కాదు. అక్కడ శుద్ధి చేయించి సరుకుగా పంపిస్తారు, నెలలు పడుతుంది. అమెరికాలో వన్యప్రాణి శాఖకు 3-177 ఫారం దాఖలు చేయాలి, కస్టమ్స్ ఏజెంటును పెట్టుకుంటే తేలిక. కుడు, ఇంపాలాలకు సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ అక్కర్లేదు, నమీబియాలోని హార్ట్‌మన్ కొండ జీబ్రాకు కావాలి. ఎండబెట్టిన బిల్టాంగ్ మాంసం మాత్రం తేవద్దు, విమానాశ్రయంలో లాక్కుంటారు.

ప్ర: బట్టలు, మందులు? (విశాఖపట్నం)

జ: ఖాకీ లేదా ఆలివ్ రంగు జతలు మూడు చాలు, క్యాంపులో రోజూ ఉతుకుతారు. జింబాబ్వే మీదుగా వెళ్తుంటే సైనికుల మచ్చల బట్టలు వద్దు, అక్కడ చట్టవిరుద్ధం. తెల్లవారుజామున సున్నా డిగ్రీల దగ్గర చలి ఉంటుంది కాబట్టి మందపాటి జాకెట్, ముళ్లను తట్టుకునే ప్యాంటు, ముందే కాలికి అలవాటైన బూట్లు తీసుకెళ్లండి. లింపోపో పల్లపు ప్రాంతంలో మలేరియా ఉంటుంది, డాక్టరును అడిగి మందు తీసుకోండి. ఈస్టర్న్ కేప్‌లో ఆ బెడద లేదు. ఎక్కడైనా సాయంత్రం స్నానానికి ముందు ఒళ్లంతా పిడుదుల (రక్తం పీల్చే పురుగుల) కోసం చూసుకోవాలి. ఆడిస్ అబాబా, నైరోబీల్లో 12 గంటలకు మించి ఆగితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు లేకపోతే విమానం ఎక్కనివ్వకపోవచ్చు.