జైసల్మేర్ ఒంటె ట్రిప్: రెండు రేట్లకు అంత తేడా ఎందుకు?

రాజస్థాన్ ఎడారిలోని జైసల్మేర్‌లో మూడు రోజుల ఒంటె ట్రిప్‌కు ఒకరు చెప్పిన రేటు ఇంకొకరి దాంట్లో సగమే ఉందంటే, చాలావరకు కారణం ఇదే: తక్కువ రేటులో ఒంటె మీద ఉండేది సాయంత్రం ఓ గంట, మిగతాదంతా జీపు, సమ్ అనే ఊరి ఇసుక దిబ్బల దగ్గర వరసగా వేసిన టెంట్లు, పాటలు, భోజనం.

చాలామంది అడగడం మరిచిపోయేది ఒక్కటే. రోజుకు ఒంటె మీద ఎన్ని గంటలు, మనిషికో ఒంటెనా లేక ఇద్దరికి ఒకటా? ఫోన్‌లో అన్నీ ఉన్నాయనే అంటారు, అందుకే అడ్వాన్స్ పంపకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. దానికి జవాబు సరిగ్గా రాకపోతే ఆ ట్రిప్ వదిలేయండి, నిజంగా చెబుతున్నా.

తర్వాత ఇవి:

1. సందడి వద్దనుకుంటే సమ్ కాకుండా ఖూరీ అనే ఊరి వైపు అడగండి.
2. తాగునీళ్లు రేటులో కలిసే ఉన్నాయా?
3. పడక టెంట్‌లోనా, ఆరుబయటా? రజాయిలు ఎన్ని? డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి పడిపోతుంది, తిరుమలకు తీసుకెళ్లే ఒక్క స్వెట్టర్ అక్కడ చాలదు.
4. మొదటిసారైతే రోజుకు మూడు, నాలుగు గంటలకు మించి ఒప్పుకోకండి. అలిపిరి మెట్లెక్కిన మర్నాడు పిక్కలు పట్టేసినట్టు, ఇక్కడ తొడలు పట్టేస్తాయి.