బ్రౌన్ రింగ్ ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంటర్ రెండో సంవత్సరం. సాల్ట్ ఎనాలిసిస్‌లో (ఇచ్చిన లవణంలో ఏముందో కనుక్కునే ప్రయోగం) నాకు నైట్రేట్ ఇచ్చారు. నైట్రేట్ ఉంటే గోధుమరంగు వలయం రావాల్సిన బ్రౌన్ రింగ్ టెస్ట్, ఫెర్రస్ సల్ఫేట్‌తో మూడుసార్లు చేసినా రింగ్ రాలేదు. ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి, టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ?
– ఒక విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: అమ్మా, ముందు ఆ ఫెర్రస్ సల్ఫేట్ సీసా తెరిచి చూడు. పలుకులు లేత ఆకుపచ్చగా ఉన్నాయా, లేక తుప్పురంగు పట్టిందా? తుప్పురంగైతే తప్పు నీ చేతిది కాదు. మన పెద్దవాళ్ళు అన్నభేది అనేది దీన్నే. మూత వదులైతే తేమగాలికి ఫెర్రస్ (రెండు ధనావేశాలున్న ఇనుము) కాస్తా ఫెర్రిక్ (మూడు ధనావేశాలున్న ఇనుము) అయిపోతుంది. నైట్రేట్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చేది ఫెర్రస్, ఆ వాయువుతో కలిసి గోధుమరంగు ఇచ్చేదీ ఫెర్రస్సే. ఫెర్రిక్ ఈ రెండింటికీ పనికిరాదు.

నాకిది ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, టెక్కలి వైపు ఒక కాలేజీలో, ఒక అబ్బాయి ‘నైట్రేట్ లేదు’ అని రాస్తే మార్కులు కోసేశాను. సాయంత్రం సీసా చూస్తే పలుకులన్నీ తుప్పురంగు. చిటికెడు కరిగించి పొటాషియం థయోసయనేట్ చుక్క వేశాను, నెత్తురులా ఎర్రబడింది. అంటే ఫెర్రిక్ నిండి ఉంది. ఆ పిల్లవాడు కళ్ళతో చూసిందే రాశాడు. మర్నాడు మార్కులు సరిచేశాను గానీ, వాడు ముందురోజు కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కడం ఇప్పటికీ బాధగానే ఉంది.

నువ్వు సీసా మధ్యలోంచి పచ్చటి పలుకులు ఏరుకో. కాచి చల్లార్చిన నీళ్ళలో, రెండు చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి అప్పటికప్పుడు కరిగించు. నిన్నటి ద్రావణం వద్దు. దాన్ని నీ సాల్ట్ ద్రావణంలో కలిపి, టెస్ట్‌ట్యూబ్ వంచి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని గోడ వెంట మెల్లగా జారనివ్వు. ఆమ్లం బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది, రెండూ కలిసే చోట రింగ్ వస్తుంది. చాలామంది ఇక్కడే తొందరపడి ట్యూబ్ కదుపుతారు. కదిపినా, వేడెక్కినా రింగ్ పోతుంది. నిలబెట్టి ఒకట్రెండు నిమిషాలు ఆగు.

పచ్చటి పలుకులే దొరక్కపోతే టైట్రేషన్‌కు (తెలిసిన ద్రావణంతో తెలియని ద్రావణం గాఢత కనుక్కునే ప్రయోగం) తెచ్చిన మోర్ సాల్ట్, అంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, అడుగు. అందులోదీ ఫెర్రస్సే, గాలికి అంత త్వరగా పాడవదు. అందుకే 9.8 గ్రాములు తూచి 250 మి.లీ. చేస్తే దాని గాఢత 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) అని ధైర్యంగా నమ్మి, దానితో పర్మాంగనేట్ గాఢత కనుక్కుంటాం.

గాఢ ఆమ్లం మాత్రం ల్యాబ్‌లో మేడమో సారో పక్కన ఉన్నప్పుడే పోయాలి తల్లీ.