ఏ తాడు, ఎటు లాగినాడు: ఒక యువ రచయితకు లేఖ

కడప

తమ్ముడికి,

నువ్వు అనంతపురం నుంచి పంపిన తెరచాప పడవ కథ చదివినాను. తుఫాను బాగా పట్టినావు. కథ చిక్కుపడింది తాళ్ల దగ్గరే. ఎక్కడ చూసినా "తాడు లాగినాడు" అని ఉంది. ఏ తాడు? ఎటు లాగినాడు? లాగితే ఏమైంది? ఇవి చెప్పకపోతే చదివేవాడికి పడవ కనపడదు.

ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి గురించి రాసేటప్పుడు నువ్వీ పని చేయవు. నీళ్ల బరువును పైకి లాగేది మోకు. తోలు బొక్కెన తొండాన్ని పట్టి ఉంచి, గట్టుకు రాగానే నీళ్లు వదలనిచ్చేది ఇంకో సన్న తాడు. ఎద్దు మెడకు పలుపు, తోలేవాడి చేతిలో పగ్గం. వీటిల్లో దేన్నీ సీమ రైతు ఉత్త తాడు అనడు. పడవ మీద కూడా బరువెత్తే తాడు వేరు, ఎత్తినదాన్ని అదుపు చేసే తాడు వేరు. పేరు పనిని బట్టి వచ్చింది కాబట్టి, నువ్వు నేర్చుకోవాల్సింది పని.

తెరచాప కట్టే స్తంభాన్ని నిలబెట్టేవి ముందు చెప్తాను. ముక్కు వైపు ఫోర్‌స్టే, వెనక బ్యాక్‌స్టే, రెండు పక్కలా ష్రౌడ్లు. ఇప్పటి పడవల్లో ఇవి ఎక్కువగా స్టీలు తీగలే. నడి ప్రయాణంలో ష్రౌడ్ విప్పినాడని రాస్తే, స్తంభం వాడి నెత్తిన పడినట్టు కూడా రాయాలి. వీటితో నీ కథకు ఇంతకు మించి పని లేదు.

నీకు కావాల్సింది చేతిలో ఆడే తాళ్లు. తెరచాపను పైకెత్తేది హాల్యార్డ్. దాని ఒక కొస తెరచాప పైమూలకు కట్టి ఉంటుంది. స్తంభం కొన దగ్గరి కప్పీ మీదుగా తిరిగి రెండో కొస కిందికొస్తుంది. వదులుగా ఉంటే తెరచాప ముందంచున అడ్డం ముడతలు పడతాయి. పైమూల కొక్కెం ఊడి, ఆ కొస స్తంభం పైకి పోయిందంటే మనిషి స్తంభం ఎక్కాల్సిందే. కథకుడికి ఇంతకన్నా మంచి ఇబ్బంది దొరకదు, వాడుకో.

తెరచాపను అదుపు చేసేది షీట్. ఇక్కడే జాగ్రత్త. షీట్ అనగానే మనవాళ్లకు దుప్పటో కాగితమో రేకో గుర్తొస్తుంది. అందుకని మొదటిసారి ఆ మాట వచ్చిన వాక్యంలోనే అది అరచేతిని ఒరుసుకుంటూ పోవాలి, తాడని తెలిసిపోతుంది. పక్కన అర్థం రాయొద్దు.

పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్యను బూమ్ అంటారు. దాన్ని పట్టి ఉంచేది మెయిన్‌షీట్. గాలి ఒక్కసారిగా జోరెత్తి పడవ పక్కకు ఒరిగితే మెయిన్‌షీట్ వదులు చేస్తారు. బూమ్ బయటికి జరుగుతుంది, తెరచాపలో గాలి పట్టు తగ్గుతుంది, పడవ లేస్తుంది. నీ నాయకుడేమో ఒంట్లో బలమంతా కూడదీసి లాగినాడు, పడవ నిలబడింది! లాగితే ఇంకా ఒరుగుతుంది. వీరుడన్నాక లాగాల్సిందేనని మనకో అలవాటు, సినిమాల నుంచి వచ్చిందేమో.

ముందు తెరచాప జిబ్. దానికి రెండు షీట్లు, పడవకు చెరో పక్క. రెండూ తెరచాప వెనక మూలకు బోలైన్ ముడితో కట్టి ఉంటాయి. ఒకసారికి గాలి పోయే వైపున్న షీట్ మీదే బరువుంటుంది, రెండోది ఊరికే వేలాడుతుంది. పడవ ముక్కును గాలికి ఎదురుగా తెచ్చి అవతలి పక్కకు తిప్పేటప్పుడు బరువున్న షీట్ వదలాలి, ముక్కు తిరగ్గానే రెండోదాన్ని చకచకా లాగి వించ్‌కు, అంటే తాడు బిగించే తిరుగుడు డోలుకు, చుట్టాలి. చుట్లు కుడివైపుకే, గడియారం ముల్లు తిరిగినట్టు. మొదట రెండు చుట్లు, బరువు పెరిగేకొద్దీ మూడో నాలుగో. మొదటే ఎక్కువ చుట్టినా, తాడు పైనుంచి వాలుగా వచ్చినా, ఒక చుట్టు ఇంకోదాని మీదెక్కి బిగుసుకుంటుంది. అప్పుడు లాగడానికీ రాదు, వదలడానికీ రాదు. నీ కథలో పడవ తిరగలేకపోయిన చోట కారణం లేదు. ఇది పెట్టు.

తెరచాప దించే ఘట్టంలో ఇంకో తప్పుంది. పెద్ద తెరచాప ఎత్తి ఉన్నంతసేపు బూమ్ బరువును అదే మోస్తుంది. దించేటప్పుడు ఆ బరువు మోయాల్సింది టాపింగ్ లిఫ్ట్, అంటే స్తంభం కొన నుంచి బూమ్ చివరకు వచ్చే తాడు. ముందు దాన్ని బిగించి, ఆ తర్వాతే హాల్యార్డ్ వదలాలి. నీ నాయకుడు నేరుగా హాల్యార్డ్ వదిలినాడు. బూమ్ కింద కూర్చున్న ముసలాయన తల పగలాలి. పగలగొడతావో, ఇంకో వాక్యం రాస్తావో నీ ఇష్టం.

గాలి పెరిగినప్పుడు తెరచాపను కుదించడానికీ ఒక వరస ఉంది. మెయిన్‌షీట్ వదులు చేయాలి. బూమ్‌ను కిందికి పట్టి ఉంచే వ్యాంగ్‌నూ వదలాలి. టాపింగ్ లిఫ్ట్ బిగించుకుని, హాల్యార్డ్‌ను గుర్తు పెట్టిన చోటిదాకా దించి, తెరచాప ముందంచున ఉన్న రింగును కొక్కేనికి తగిలించి, హాల్యార్డ్ మళ్లీ బిగించాలి. ఆ తర్వాతే వెనక మూలను బూమ్‌కు లాగే రీఫ్ లైన్ పట్టుకోవాలి. షీట్, వ్యాంగ్ వదలకుండా రీఫ్ లైన్ లాగితే బట్ట చినుగుతుంది. వ్యాంగ్‌నే బ్రిటన్‌లో కిక్కర్ అంటారు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయి.

ఈ పేర్లన్నీ కథలో పోయమని కాదు. ఎవరి కళ్లతో చూస్తున్నామో దాన్ని బట్టి పేరు రావాలి. కొత్తగా ఎక్కినవాడికి అన్నీ తాళ్లే. వాడు "ఎర్ర చారల తాడు" అంటాడు, ఎందుకంటే పెద్ద పడవల్లో గుర్తు కోసం ఒక్కో తాడుకు ఒక్కో రంగు వాడతారు. ఆరితేరినవాడికి రంగుతో పని లేదు. రాత్రి పూట రంగు కనపడదు గదా, వాడి చెయ్యి ఆ చోటికే పోతుంది. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన నౌకాదళపు ఆరుగురు ఆడవాళ్ల గురించి వినే ఉంటావు, వాళ్లలో విశాఖ అమ్మాయి స్వాతి కూడా ఉంది. వాళ్లు భూమిని చుట్టొచ్చిన తెరచాప పడవ తారిణి, పొడవు 56 అడుగులు. అంత ప్రయాణం చేసినవాళ్లు అర్ధరాత్రి లేచి "ఏదో తాడు" అనరు. నీ కథలో సరంగు అంటున్నాడు.

సముద్రం దూరమని సాకు చెప్పకు. కర్నూలు దాటితే హైదరాబాదు. హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే చిన్న తెరచాప పడవలు నడుపుతారు, పోయి గట్టున నిలబడి చూడు. కానీ అక్కడ చూసింది ఉన్నదున్నట్టు నీ కథలో పెట్టొద్దు. లేజర్‌కు ఒకటే తెరచాప, దాన్ని గొట్టం మాదిరి స్తంభానికి తొడుగుతారు. కాబట్టి హాల్యార్డ్ ఉండదు, జిబ్ ఉండదు. మెయిన్‌షీట్, వ్యాంగ్, బట్టను సరిచేసే సన్న తాళ్లు రెండు, వెనక మెయిన్‌షీట్ కప్పీ అటూ ఇటూ జరిగే ట్రావెలర్ తాడు, అంతే.

కాలం కూడా చూసుకో. నీ కథ 1920 ప్రాంతంలో నడుస్తోంది, తాడు నైలాన్ అని రాసినావు. నైలాన్ కనిపెట్టిందే 1935లో. అప్పటివి మనీలా నార, జనపనార. అవి తడిస్తే ఉబ్బి పొట్టిబడతాయి. వానకు ముందు బిగించిన హాల్యార్డ్‌ను వానలో కాస్త వదలాల్సి వస్తుంది. ఇప్పటి కథయినా సరే, హాల్యార్డ్ నైలాన్ కాకూడదు, సాగిపోయి తెరచాప జారుతుంది. అక్కడ పాలియెస్టరో డైనీమానో ఉండాలి. నైలాన్ సాగే గుణం పనికొచ్చేది లంగరుకు, అలల కుదుపును అది మింగుతుంది.

లంగరు మాట వచ్చింది కాబట్టి చివరి పేజీ సంగతి. నీటి లోతు 4 మీటర్లన్నావు, 10 మీటర్ల తాడు వదిలినాడన్నావు, పడవ రాత్రంతా కదల్లేదన్నావు. లోతుకు పడవ ముక్కు ఎత్తు ఇంకో మీటరు కలిపితే 5. తాడయితే దానికి 7 రెట్లు, అంటే 35 మీటర్లు. మొత్తం గొలుసే అయితే ప్రశాంతమైన చోట 5 రెట్లతో సరిపెట్టొచ్చు. పొట్టిగా వదిలితే తాడు లంగరును పైకి లాగుతుంది, అడుగున పట్టు ఊడుతుంది, పడవ ఒడ్డుకు కొట్టుకుపోతుంది. అంటే నీ ముగింపు నిలబడదు. 35 మీటర్లు చేస్తావో, 10 మీటర్లే ఉంచి పడవను రాళ్ల మీదికి పంపుతావో తేల్చుకో. నాకు రెండోదే బాగుందనిపిస్తోంది, ఆ ముసలాయనకు అప్పుడు చేయడానికి ఒక పని దొరుకుతుంది. తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న