పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయిన వారి అనుభవం ఎలా ఉంటుంది? మళ్లీ పోటీ చేయాలనిపిస్తుందా?

ఈ ప్రశ్న నన్ను ఉద్దేశించి అడిగినట్లే ఉంది. 2021 ఫిబ్రవరి 9న, రాష్ట్రంలో మొదటి విడత పంచాయతీ ఎన్నికలు జరిగిన మంగళవారం నాడు, చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లే దారికి కాస్త లోపలగా ఉన్న మా ఊరిలో వార్డు సభ్యత్వానికి పోటీ చేసి ఐదు ఓట్ల తేడాతో ఓడిపోయాను. సర్పంచ్ పదవికి పోటీ చేసి ఓడిపోయానంటే వినేవాళ్లు అయ్యో అంటారు గానీ, వార్డు మెంబరుగా ఓడిపోయానంటే నవ్వుతారు. ఆ నవ్వుకు నేను ఇప్పుడు అలవాటు పడ్డాను.

అసలు పోటీ దాకా ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మా పంచాయతీకి అంతకు ముందు ఎన్నికలు 2013లో జరిగాయి. ఆ పాలకవర్గం గడువు 2018 ఆగస్టులో ముగిసిన తరువాత రెండున్నరేళ్ల పాటు ప్రత్యేకాధికారి పాలనలోనే ఊరు నడిచింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు జరగాలని రాజ్యాంగం స్పష్టంగా చెబుతున్నా, జరగనప్పుడు అడిగినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు. అడగని వాళ్లలో నేనూ ఒకడిని. పట్టణాల పరిస్థితి ఇంతకంటే ఘోరం. తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయితే, దానికి మొదటి ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. పద్నాలుగేళ్ల పాటు కార్పొరేటర్ అన్నవాడే లేకుండా అంత పెద్ద పుణ్యక్షేత్రం గడిచిపోయిందంటే, లోపం పాలకులది ఎంత ఉందో మనదీ అంతే ఉందని నా గట్టి అభిప్రాయం.

జనవరి 25న సుప్రీంకోర్టు ఎన్నికలకు అడ్డు తొలగించింది. నెలాఖరుకే నామినేషన్లు మొదలవుతాయని తెలియగానే మా ఊరి రామాలయం దగ్గర పెద్దలు సమావేశం పెట్టారు. రెండు వేల నుంచి ఐదు వేల జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే పది లక్షల రూపాయల ప్రోత్సాహకం వస్తుంది కాబట్టి ఎవరూ పోటీ పడకుండా పేర్లు ఇక్కడే అనుకుందామన్నది వారి ప్రతిపాదన. వినడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. అయితే ఆ సమావేశంలో కూర్చున్న నలభై మందిలో ఆడవాళ్లు ఇద్దరే. ఊరి చివర కాలనీ నుంచి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. సగం ఊరు లేని చోట కుదిరిన ఒప్పందాన్ని ఊరంతటి అభిప్రాయమని ఎలా అంటామని నేను లేచి అడిగాను. మా పెదనాన్న వరుస అయ్యే ఒక పెద్దాయన, "అట్లయితే నువ్వే నిలబడప్పా, చూస్తాం" అన్నారు. అది కోపంతో అన్న మాట. నేను దాన్నే ఆశీర్వాదంగా తీసుకుని మరుసటి రోజు వెయ్యి రూపాయల డిపాజిట్ కట్టి వచ్చాను.

ఏకగ్రీవం గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ ఏడాది మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికల్లో పుంగనూరులోని 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. చిత్తూరు నగరంలో 50 డివిజన్లకు గాను 37 ఏకగ్రీవమయ్యాయి. కారణాల గురించి ఎవరి వాదన వారికి ఉంది, నేను ఆ జోలికి వెళ్లను. నాకు బాధ కలిగించేది వేరొకటి. పోటీ లేని వార్డులో అభ్యర్థి ఏ ఇంటి గడపా తొక్కవలసిన అవసరం ఉండదు. గడప తొక్కనివాడికి ఆ ఇంటి ముందు కాలువ పొంగుతున్నదో లేదో ఎలా తెలుస్తుంది?

మా వార్డులో 186 ఓట్లు. ఉపసంహరణ గడువు ముగిసేసరికి నలుగురం మిగిలాము. నాతో పాటు నామినేషన్ వేయాలని ఉబలాటపడిన మిత్రుడొకడు ముగ్గురు పిల్లల తండ్రి కావడంతో మొదట్లోనే ఆగిపోయాడు. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారు పోటీకి అనర్హులన్న ఆ నిబంధనను 2024లో తొలగించారు, వాడికి మాత్రం అప్పటికి ఉత్సాహం తొలగిపోయింది.

ఇక గుర్తుల సంగతి. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులపై జరగవు. బరిలో మిగిలిన అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి, ఎన్నికల సంఘం జాబితాలో ఉన్న వరుసలోనే గుర్తులు కేటాయిస్తారు. బ్యాలెట్ పత్రంపై మన పేరు ఉండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది. మా నలుగురికీ వరుసగా గౌను, గ్యాస్ పొయ్యి, స్టూలు, గ్యాస్ సిలిండర్ వచ్చాయి. జీవితమంతా పంచె తప్ప మరొకటి ధరించని అరవై ఏళ్ల పెద్దమనిషికి గౌను గుర్తు వచ్చింది. ఆయన దాన్ని చేత్తో చూపించి ఓటు అడగడానికి సిగ్గుపడి సగం ప్రచారం మానుకున్నారు. నాకు పొయ్యి వచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఉండే వస్తువు, ఆడవాళ్లకు బాగా గుర్తుంటుంది అని నేను లోలోపల సంబరపడ్డాను. నాలుగో అభ్యర్థికి సిలిండర్ రావడంలో ఉన్న ప్రమాదం ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

ప్రచారం నాలుగైదు రోజులే. కరపత్రంలో "గ్యాస్ పొయ్యి గుర్తుకే మీ ఓటు" అని సరిగానే వేయించాను. నోటితో అడిగేటప్పుడు మాత్రం, తొందరలో, "అక్కా, గ్యాసుకు వేయండి", "మామా, గ్యాసు మరిచిపోవద్దు" అంటూ ఇల్లిల్లూ తిరిగాను. సిలిండర్ అభ్యర్థి తెలివైనవాడు. ఎవరి ఇంటికి వెళ్లినా వంటింటి వైపు వేలు చూపించి "ఆ బండకే వేయండి" అని రెండే రెండు మాటలు చెప్పి వచ్చాడు.

పోలింగ్ ఉదయం ఆరున్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది. మా వార్డులో 161 ఓట్లు పోలయ్యాయి. రాని పాతిక మందిలో పదకొండు మంది బెంగుళూరులో పని చేసే మా కుర్రాళ్లే. వాట్సాప్ గ్రూపులో నాకు జేజేలు కొట్టినవాళ్లూ, రాష్ట్ర రాజకీయాల మీద రాత్రి రెండు గంటల దాకా వాదించుకునేవాళ్లూ వీళ్లే. మంగళవారం కాబట్టి సెలవు దొరకలేదన్నారు. చిత్తూరు నుంచి బెంగుళూరుకు బస్సులో నాలుగైదు గంటల ప్రయాణం. సంక్రాంతికి వచ్చి పది రోజులు ఉండి వెళ్లినవాళ్లకు ఓటు కోసం ఒక్క రాత్రి ప్రయాణం బరువైందంటే, నాకు ఇప్పటికీ మింగుడు పడదు. వాళ్ల మీద కోపంతో నేను ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను, మూడు నెలల తరువాత నాకై నేనే మళ్లీ చేరాను.

లెక్కింపు మా ఊరి బడిలోనే, సాయంత్రం నాలుగు గంటల తరువాత మొదలైంది. మూడో తరగతి గదిలో రెండు బల్లలు కలిపి వేశారు. గోడ మీద పిల్లల కోసం అతికించిన ఎక్కాల పటం, పైన మినుకుమినుకుమంటున్న ట్యూబ్‌లైటు. పెట్టె తెరిచి కుమ్మరించగానే గులాబీ రంగు పత్రాలూ తెల్ల పత్రాలూ కలిసి కుప్పగా పడ్డాయి. గులాబీవి సర్పంచ్‌కు, తెల్లవి మాకు. వేరు చేసి ముందు వార్డు ఓట్లు లెక్కపెట్టారు. మడత విప్పిన ప్రతి కాగితాన్నీ ఉద్యోగి మా వైపు తిప్పి చూపించి, దానికి సంబంధించిన దొంతరలో పెడుతున్నప్పుడు, పొయ్యి దొంతర ఎత్తు పెరుగుతుంటే నా గొంతులో ఏదో అడ్డుపడినట్లయింది. చివరికి సిలిండర్‌కు 63, నాకు 58, స్టూలుకు 27, గౌనుకు 9. చెల్లనివి నాలుగు.

మళ్లీ లెక్కపెట్టమని అడిగాను. విసుక్కోకుండా లెక్కపెట్టారు, అంకెలు మారలేదు. చెల్లని నాలుగింటినీ చూపించమన్నాను. ఒకదాని మీద ఏ ముద్రా లేదు. ఒకదానిలో ముద్ర నాలుగు గుర్తుల మీదా పడి ఉంది, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేని మనిషి ఎవరో. మూడోదానిలో పొయ్యి మీద ఒకటి, సిలిండర్ మీద ఒకటి, రెండు స్వస్తిక్ ముద్రలు శుభ్రంగా వేసి ఉన్నాయి. నాలుగో కాగితాన్ని నేను జన్మలో మరిచిపోను. సరిగ్గా నా పొయ్యి మీద, రెండు బర్నర్ల మధ్యన, ఒక వేలిముద్ర. బ్యాంకులోనూ రేషన్ దుకాణంలోనూ వేసిన అలవాటుతో ఎవరో బొటనవేలికి సిరా పూసుకుని ఎంతో నమ్మకంగా అద్దిన ముద్ర అది. రేఖలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది నాకే వేసిన ఓటని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు, కానీ లెక్కకు రాదు. ఆ ఉద్యోగి దాన్ని పక్కన పెడుతూ నా ముఖం వైపు చూడలేదు.

మరుసటి రోజు ఉదయం పాల కేంద్రం దగ్గర మా వీధి చివరింటి అవ్వ ఎదురుపడి, నా గడ్డం పట్టుకుని, "గెల్చినావంట కదా నాయినా, నేను గ్యాసుకే యేసినా" అంది. "పొయ్యికా, బండకా అవ్వా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "నువ్వు గ్యాసనే కదా చెప్తివి" అంది. ఆ ఇంట్లో నాలుగు ఓట్లు ఉన్నాయి. ఆ తరువాత ఇంకెవరినీ ఏమీ అడగలేదు. ఓటమికి డబ్బు పంచకపోవడం కారణమనీ, కులం కారణమనీ మా వాళ్లు నాకు ధైర్యం చెప్పడానికి చాలా చెప్పారు. నేను మాత్రం నా నోరే కారణమని నమ్ముతున్నాను. ఓటు ఎలా వేయాలో చెప్పకుండా ఎవరికి వేయాలో చెప్పి వచ్చాను. వేలిముద్ర వేసిన ఆ మనిషికి నమూనా బ్యాలెట్ ఒకటి చేతికిచ్చి, ముద్ర ఎక్కడ, ఎలా వేయాలో చూపించడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది.

ఇక ప్రశ్నలోని రెండో భాగం. ఓడిన నెల రోజులకు, ప్రచారంలో నా దగ్గర ఉన్న నోటు పుస్తకం మళ్లీ తీశాను. ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఎవరు ఏం అడిగారో అందులో రాసుకున్నాను. వీధి దీపాలు, ఆగిపోయిన పింఛను, కుళాయి నీళ్లు చివరి ఇళ్లకు ఎక్కకపోవడం, బడి ముందు వాననీరు నిలవడం. మొత్తం నలభై మూడు పద్దులు. ఆ పుస్తకం విలువ గెలిచినవాడికి నాకంటే బాగా తెలిసింది. ఒకరోజు ఇంటికి వచ్చి, "అన్నా, ఆ లిస్టు ఒకసారి ఇస్తావా" అని అడిగాడు. ఇవ్వకూడదనే అనిపించింది. ఇచ్చాను. ఆ ఏడాది నవంబరు వానలకు తిరుపతి వీధులు నదులై, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు వణికిపోయిన రోజుల్లో, మా బడి ముందు నడుము లోతు నీళ్లలో మేమిద్దరం గడ్డపారలతో కాలువ కోసుకుంటూ నిలబడ్డాము. పొయ్యీ బండా ఒక చోట చేరాయని ఊరు నవ్వింది.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, గ్రామసభలో సభ్యత్వానికి గెలవవలసిన పని లేదు. ఊరి ఓటరు జాబితాలో పేరు ఉంటే చాలు, సభ్యులే. నేను ఓడిన తరువాత వెళ్లిన మొదటి గ్రామసభలో పదిహేడు మంది ఉన్నారు, వాళ్లలో ఆరుగురు ఉద్యోగులు. జమాఖర్చులు చదివి వినిపించమని అడిగితే, అడిగినవాడు ఎవరా అని అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఊళ్లోనే గ్రామ సచివాలయం వచ్చింది కదా, ఇంకా మెంబర్లెందుకు, సభలెందుకు అని మా ఊళ్లో చదువుకున్నవాళ్లే అంటుంటారు. సచివాలయంలో ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. బడి ముందు కాలువ ముందా, శ్మశానానికి దారి ముందా అన్నది అక్కడి కంప్యూటర్ తేల్చదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేసినప్పుడు, మా ఊరి సభకు కాలనీ ఆడవాళ్లు ముప్పై మంది వచ్చారు. ముందు రోజు సాయంత్రం నేనూ మా ఆవిడా వెళ్లి పిలిచి వచ్చాము. బడి ముందు కాలువ పని ఆ రోజు జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు సగం దూరం సిమెంటు కాలువ ఉంది. మిగతా సగం కోసం ఇంకా తిరుగుతున్నాను.

కాబట్టి మీలో ఎవరికైనా పోటీ చేయాలన్న ఆలోచన ఉంటే నామినేషన్ దాకా ఆగకుండా వచ్చే గ్రామసభకే వెళ్లి కూర్చోండి, ఒక్క ప్రశ్న అడిగి చూడండి. నేను ఆ పని ఐదేళ్ల ముందే చేసి ఉంటే, "గ్యాసు" అన్నా "పొయ్యి" అన్నా నా ముఖం గుర్తుపట్టి ఓటు వేసేవాళ్లు.

మళ్లీ పోటీ చేస్తానా అంటే, వార్డు రిజర్వేషన్ ఎలా మారుతుందో దాన్ని బట్టి ఉంటుంది. మహిళలకు వస్తే మా ఆవిడ నిలబడుతుంది, ఈ విషయం ఇంట్లో తేలిపోయింది. బరిలో ఇద్దరే మిగిలితే ఒకరికి గౌను, ఒకరికి పొయ్యి వస్తాయి. గౌను వచ్చినా సిగ్గుపడనంటోంది. పొయ్యి వస్తే మాత్రం నేను ప్రచారానికి రాకూడదట. వచ్చినా నోరు తెరవకూడదట.